గడువు దాటిపోయింది లాయరు గారూ, ఇప్పుడెలా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఎప్పుడూ గట్టు తగాదాలే. ఈసారి మాత్రం ఏ కవరు విప్పినా ఒకటే గోడు: అప్పీలు వేయాల్సింది, వేయలేదు, తేదీ దాటిపోయింది. అందుకని ఈ వారం మిగతావన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు, చాలామంది వేయొద్దనే అడిగారు.

ప్రశ్న: మా పొలం మీద మా బాబాయి కొడుకులు వేసిన దావా జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వాళ్లకు అనుకూలంగా తేలిందట. 'అట' అని ఎందుకంటున్నానంటే కోర్టు అమీను వచ్చి పొలం స్వాధీనం చేయమనేదాకా మాకు తెలియదు. తీర్పు వచ్చి ఏడు నెలలు దాటింది. ఎప్పుడు ఫోన్ చేసినా మా లాయరు గారు 'వాయిదా పడిందమ్మా, తీర్పు వస్తే నేనే చెబుతాగా' అనేవారు. ఇప్పుడు అప్పీలు వేసే దారి ఉందా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: దారి ఉందమ్మా. కానీ ముందు ఒక పని చేయండి, ఈ జవాబు మిగతాది తర్వాత చదువుకోవచ్చు. తీర్పుకూ, డిక్రీకీ (తీర్పు సారాన్ని ఆదేశంగా రాసిన కాగితం) రెండింటికీ ఈ రోజే కాపీ అప్లికేషన్ పెట్టండి. పాత లాయరు దగ్గర ఫైలు తెచ్చుకోవడం, ఆయనతో తగవు పడటం, కొత్త లాయరును వెతకడం అన్నీ ఆ తర్వాతే. ఏడు నెలలు ఆయన వల్ల పోయాయని కోర్టు నమ్మినా నమ్ముతుంది, అమీను వచ్చి వెళ్లాక పోయిన ప్రతి రోజూ మాత్రం మీ ఖాతాలోనే పడుతుంది.

మీ కేసులో అప్పీలు జిల్లా కోర్టుకు వెళ్తుంది, దానికి గడువు 30 రోజులు (హైకోర్టుకైతే 90). అది దాటితే కాలపరిమితి చట్టం, 1963లో 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని అప్పీలుతో పాటే ఒక పిటిషన్, దానికి అఫిడవిట్ జతచేసి వేయాలి. కోర్టుల్లో దీన్ని డిలే పిటిషన్ అంటారు. చట్టం అడిగేది 'తగిన కారణం' ఒక్కటే, ఇన్ని రోజులు దాటితే ఇక లేదు అన్న లెక్క ఆ సెక్షన్‌లో లేదు. 1998లో సుప్రీంకోర్టు 883 రోజుల ఆలస్యాన్ని మన్నించిన కేసు ఒకటుంది. అందులోనూ కథ మీదే, లాయరు కబురు చెప్పలేదు. ఎన్ని రోజులన్నది ముఖ్యం కాదు, చెప్పిన కారణం నమ్మేలా ఉందా అన్నదే ముఖ్యమని కోర్టు ఆ తీర్పులో చెప్పింది. అంతకు ముందు 1987లో, ప్రతి రోజు ఆలస్యానికీ వివరణ ఇవ్వాలన్న సూత్రాన్ని మరీ చాదస్తంగా పట్టుకుంటే ప్రతి గంటకూ, ప్రతి సెకనుకూ వివరణ ఎందుకు అడగకూడదు అని అదే కోర్టు ఎదురు ప్రశ్న వేసింది.

ఇవి చూసి ధైర్యం తెచ్చుకోండి, నిశ్చింతగా మాత్రం ఉండకండి. 'మా లాయరు చెప్పలేదు' అన్న ఒక్క వాక్యం ఈ మధ్య జడ్జీల దగ్గర నడవడం లేదు. ఆయన చెప్పకపోతే మీరేం చేశారు అని అడుగుతారు. అందుకే ఆ ఏడు నెలల్లో మీరు ఎప్పుడెప్పుడు ఫోన్ చేశారో కాల్ లిస్టు తీయండి, వాట్సాప్ మెసేజీలుంటే ప్రింటు తీయండి, ఆఫీసుకు వెళ్లిన రోజులు గుర్తు తెచ్చుకుని రాయండి, బస్సు టికెట్టు ఏ డైరీలోనో మిగిలి ఉన్నా పారేయకండి. అమీను వచ్చిన తేదీ, కాపీ అప్లికేషన్ పెట్టిన తేదీ, కాపీ వచ్చిన తేదీ, కొత్త లాయరును కలిసిన తేదీ, ఇవన్నీ ఒక తెల్ల కాగితం మీద వరసగా పెడితే మీ అఫిడవిట్ సగం తయారైనట్టే.

కథలు మాత్రం అల్లొద్దు. నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో మా కోర్టు బయట చెట్టు కింద ఒక టైపిస్టు ఉండేవాడు. డిలే పిటిషన్ అనగానే ఎవరినీ ఏమీ అడక్కుండానే 'నేను కామెర్లతో మంచం పట్టి నాటు మందు తీసుకుంటున్నందున' అని కొట్టేసేవాడు. నాటు మందే ఎందుకంటే దానికి డాక్టరు చీటీ, ఆసుపత్రి బిల్లు చూపించే పని లేదు కదా! మా జిల్లాలో ఇన్ని కామెర్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని ఒక జడ్జి గారు నిండు కోర్టులో అడిగితే అందరం నవ్వాం. నవ్వు రాని రోజు కూడా ఒకటి చూశాను. కామెర్లతో కదల్లేకపోయానని ప్రమాణం చేసిన పెద్దమనిషి సరిగ్గా అదే నెలలో పక్క కోర్టులో బోనెక్కి సాక్ష్యం చెప్పాడు. అవతలి లాయరు ఆ వాంగ్మూలం కాపీ తీసి జడ్జి గారి ముందు పెట్టాడు. ఆలస్యం 41 రోజులే, నిజం చెప్పి ఉంటే పోనిద్దురూ అనేవారేమో, పిటిషన్ కొట్టేశారు. మీది నిజమైన కారణం, దానికి రంగులు అద్దే పని లేదు.

ఇంకో చిక్కు చెప్పాలి, చాలామంది దీన్ని పట్టించుకోరు. అప్పీలు వేయగానే అమీను ఆగిపోడు. ఆలస్యం సంగతి తేలనిదే అప్పీలుకు నంబరు పడదు, అది విచారణకు తీసుకోనిదే డిక్రీ అమలు మీద స్టే రాదు. అవతలివాళ్లు వేసిన ఈపీ (డిక్రీని అమలు చేయమని కోరే పిటిషన్) మాత్రం ఈలోగా తన దారిన తాను నడుస్తూ ఉంటుంది. కాబట్టి డిలే పిటిషన్‌ను త్వరగా వినమని అడగాలి, ఈపీలో కూడా వకాలత్ వేసి అప్పీలు వేశామని మెమో పెట్టి టైమ్ అడగాలి. ఇచ్చి తీరాలని లేదు. ఒకటి రెండు వాయిదాలు దొరికితే అదే పదివేలు. అవతలివాళ్లకు ఖర్చుల కింద ఇంత కట్టమన్న షరతుతో ఆలస్యాన్ని మన్నిస్తే గొణక్కుండా చెప్పిన తేదీలోపు కట్టేయండి. ఆ తేదీ కూడా దాటించి మళ్లీ నాకు ఉత్తరం రాసినవాళ్లు ఉన్నారు!

పాత లాయరు మీద ఏం చేయొచ్చనీ మీ ఉత్తరం చివర అడిగారు. నేను చెప్పిన 883 రోజుల కేసులో ఆ కక్షిదారుకు తన లాయరు నుంచి వినియోగదారుల ఫోరం పరిహారం ఇప్పించింది. ఇప్పుడు ఆ దారి లేదు, లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది (మా వాళ్లు స్వీట్లు పంచుకున్నారు, నేను తినలేదు). అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. అది తీరిగ్గా చేసుకునే పని, ముందు పొలం చూసుకోండి.

ప్రశ్న: మా కేసులో మార్చి 3న తీర్పు వచ్చింది, కాపీ చేతికొచ్చేసరికి ఏప్రిల్ 25. ఆ రోజు నుంచి 30 రోజులు కదా అని తీరిగ్గా మే 20న లాయరు దగ్గరికెళ్తే గడువు ఎప్పుడో అయిపోయిందంటున్నారు. కాపీ లేకుండా అప్పీలు ఎలా వేస్తాం? ఇదేం న్యాయం?

జవాబు: అన్యాయం ఏమీ లేదు, లెక్కలో పొరపాటు పడ్డారు. గడువు తీర్పు రోజు నుంచే నడుస్తుంది, ఆ ఒక్క రోజును వదిలేస్తారు. కాపీ కోసం పట్టిన రోజుల్ని అందులోంచి తీసేస్తారు, కాలపరిమితి చట్టం 12వ సెక్షన్ చెప్పేది అదే. అయితే తీసేసేది కాపీ తయారైన రోజు దాకానే, మీరు తీరిక చేసుకుని వెళ్లి తెచ్చుకున్న రోజు దాకా కాదు. మీ కాపీ వెనక్కి తిప్పి చూడండి, చిన్న ముద్రలో అప్లికేషన్ పెట్టిన తేదీ, కాపీ ఖర్చు కింద కోర్టు స్టాంపులు కోరిన తేదీ, మీరు అవి ఇచ్చిన తేదీ, కాపీ తయారైన తేదీ, అందుకున్న తేదీ ఉంటాయి. మీరు పంపిన జిరాక్సు ప్రకారం అప్లికేషన్ మార్చి 10న పెట్టారు, కాపీ ఏప్రిల్ 4కే తయారైంది. అంటే 26 రోజులు. మామూలుగా ఏప్రిల్ 2తో ముగియాల్సిన గడువు ఈ 26 రోజులు కలిసి ఏప్రిల్ 28 దాకా వచ్చింది. కాపీ తెచ్చుకున్న రోజుకు మీ చేతిలో ఉన్నవి మూడే రోజులన్నమాట. కాపీ తయారయ్యాక మూడు వారాలు అది కోర్టులోనే పడి ఉంది, అడిగే నాథుడు లేక.

స్టాంపులు కోరినప్పుడు వారం పదిరోజులు కట్టకుండా ఊరుకుంటే ఆ రోజులు కూడా తీసేయరు. గడువు మొత్తం అయిపోయాక కాపీ అప్లికేషన్ పెడితే ఈ సెక్షన్ వల్ల ఒక్క రోజు కూడా కలిసిరాదు.

మీకు తెలియకుండానే ఇంకొంచెంలో అదృష్టం తప్పిపోయింది. గడువు చివరి రోజున కోర్టుకు సెలవైతే మళ్లీ తెరిచిన రోజున వేసినా సకాలంలో వేసినట్టే. అదే గడువు మేలో వేసవి సెలవుల మధ్య ముగిసి ఉంటే జూన్‌లో కోర్టు తెరిచిన రోజున వేసుకునేవారు. ఏప్రిల్ 28 పనిదినం కాబట్టి ఆ సౌకర్యం మీకు రాదు. లెక్క తెలియక పొరబడ్డామని ఉన్నదున్నట్టు రాసి డిలే పిటిషన్ వేయండి, ఆలస్యం తక్కువ కాబట్టి నాకు పెద్దగా భయం లేదు. ఇంకా ఆగితే మాత్రం భయమే.

ప్రశ్న: వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి. ఈలోగా అప్పీలు పని పెట్టుకోలేను. గడువు ఇంకో రెండు నెలలు పెంచమని ముందే కోర్టును అడగవచ్చా?

జవాబు: కుదరదండీ. కోర్టు తాను పెట్టిన గడువును పెంచగలదు, అదీ సివిల్ ప్రొసీజర్ కోడ్ 148వ సెక్షన్ ప్రకారం మొత్తం కలిపి 30 రోజులకు మించకుండా. అప్పీలు గడువు చట్టం పెట్టింది, దాన్ని ముందుగా పెంచే పద్ధతి మన దగ్గర లేదు. దాటాక మన్నించమని అడగడమే, మన్నించేదీ లేనిదీ అప్పుడు తెలుస్తుంది. దేశం మొత్తానికీ గడువులు ఆగింది నేను చూసినంతలో ఒక్కసారే, కొవిడ్ అప్పుడు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా రోజుల్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. అంత పెద్ద కారణం మీ దగ్గర లేదు కదా, పైగా పెళ్లి తేదీ మీకు ముందే తెలుసు, కాబట్టి తర్వాత దాన్ని కారణంగా చూపించినా అవతలి లాయరు నవ్వుతాడు. ఒక పూట వెళ్లి వకాలత్ మీద, అప్పీలు కాగితాల మీద సంతకాలు పెట్టి రండి. తీర్పు ఎందుకు తప్పో చెప్పే అప్పీలు కారణాలు ఇప్పుడు క్లుప్తంగా రాసినా తర్వాత కోర్టు అనుమతితో కలుపుకోవచ్చు, కోర్టు ఫీజు తక్కువ పడితే కట్టడానికి టైమ్ అడగవచ్చు. శుభలేఖ పంపినందుకు సంతోషం.

ప్రశ్న: నాకు చిన్న హార్డ్‌వేర్ షాపు ఉంది. జీఎస్టీ వాళ్లు పన్ను, పెనాల్టీ వేసి ఆర్డరు ఇచ్చి అయిదు నెలలయ్యిందట, పోర్టల్‌లో పెట్టారట, నేను చూడలేదు. డిలే పిటిషన్ వేస్తే సరిపోతుందా?

జవాబు: మీకు చెప్పే కబురు అంత మంచిది కాదు. నేను పైన చెప్పిన 5వ సెక్షన్ అన్ని చోట్లా పనికిరాదు. కొన్ని చట్టాలు గడువుతో పాటు మన్నింపుకు కూడా గడువు పెట్టాయి. జీఎస్టీలో మొదటి అప్పీలుకు మూడు నెలలు, తగిన కారణం చూపిస్తే ఇంకో నెల, అంతే. ఆ తర్వాత మీ కారణం ఎంత నిజమైనా అప్పీలు అధికారి చేతులు కట్టేసినట్టే. ఆర్బిట్రేషన్ అవార్డును (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చిన తీర్పును) రద్దు చేయమని అడగడానికీ ఇంతే, మూడు నెలలు, పైన 30 రోజులు. వినియోగదారుల కేసులో మీ మీద ఫిర్యాదు వస్తే జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, పైన 15 రోజులు, 46వ రోజున తీసుకోరని 2020లో రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది.

హైకోర్టులో రిట్ వేయొచ్చు కదా అంటారు. కాకినాడ వాణిజ్య పన్నుల అధికారి ఇచ్చిన ఆర్డరు మీద ఒక పెద్ద కంపెనీ సరిగ్గా ఆ ప్రయత్నమే చేసింది. అప్పీలు గడువు, దాని మీద పెంచే గడువు కూడా అయిపోయాక రిట్ పేరుతో వెనక గుమ్మంలోంచి రావడం మామూలుగా కుదరదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

అయినా మీకు ఒక సందు ఉంది. గడువు నడిచేది ఆర్డరు మీద వేసిన తేదీ నుంచి కాదు, అది మీకు అందిన తేదీ నుంచి. మీ అకౌంటెంటు దగ్గర కూర్చుని పోర్టల్ తెరిచి ఆ ఆర్డరు ఏ ట్యాబ్‌లో, ఏ రోజున పెట్టారో, మెయిలు, మెసేజీ వచ్చాయో లేదో చూసి స్క్రీన్‌షాట్లు తీయండి. నోటీసులు మామూలుగా కనిపించే చోట కాకుండా ఇంకో మూల ట్యాబ్‌లో పెట్టి ఊరుకున్న కేసుల్లో కొన్ని హైకోర్టులు ఆర్డర్లు పక్కన పెట్టి మళ్లీ వినమని పంపాయి. అప్పీలుకు వెళ్తే వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి, డబ్బు చూసుకోండి. ఇకనుంచి వారానికోసారి పోర్టల్ చూడటం అలవాటు చేసుకోండి, షాపు షట్టరుకు తాళం వేశామో లేదో చూసుకున్నట్టు.

ప్రశ్న: మా తాతగారి భూమి ప్రాజెక్టు కింద పోయింది. పరిహారం పెంచమని వేసిన కేసు పదమూడేళ్ల కిందట కొట్టేశారు. తాతగారు, నాన్నగారు పోయారు. పక్క ఊరి వాళ్లకు ఇప్పుడు హైకోర్టు పెంచిందని విన్నాం. వారసులుగా మేం ఇప్పుడు అప్పీలు వేయొచ్చా?

జవాబు: వేయడానికి ఎవరూ అడ్డు చెప్పరు, నిలబడుతుందా అంటే నా అంచనా కష్టమే అని. అచ్చం మీలాంటి కేసే, తెలుగు గంగ ప్రాజెక్టు కింద 1989లో భూమి పోయినవాళ్లది, 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అందులో ఆలస్యం 5,659 రోజులు. కేసు నడిపిన పెద్దలు పోయారని, తమకు సంగతి తెలియదని వారసులు చెప్పుకున్నారు. హైకోర్టు ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టూ ఒప్పుకోలేదు. పక్కవాళ్లకు మేలు జరిగిందన్నది ఆలస్యానికి కారణం కాదని స్పష్టంగా చెప్పింది. ఇలాంటి కేసుల్లో కొందరు 'వేసి చూద్దాం, పోయేదేముంది' అని ఫీజు తీసుకుంటారు. పోయేది మీ ఫీజు. ఒక్క విషయం మాత్రం కనుక్కోండి: తాతగారు పోయినప్పుడు కేసు ఏ దశలో ఉంది, తీర్పుకు ముందే పోయారా, వారసులను రికార్డులోకి తెచ్చారా. అక్కడ ఏదైనా లోపం దొరికితే అది వేరే మాట, అప్పుడు మళ్లీ రాయండి.

ప్రశ్న: సమాచార హక్కు కింద అడిగితే సగం జవాబిచ్చారు. మొదటి అప్పీలుకు 30 రోజులు, నాకు 12 రోజులు ఎక్కువైంది.

జవాబు: తగిన కారణం ఉంటే తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది, రెండు వాక్యాల్లో కారణం రాసి పంపండి. తీసుకోకపోతే అదే సమాచారం కోసం కొత్త దరఖాస్తు పెట్టేయండి, గడువు మళ్లీ మొదలవుతుంది.

ప్రశ్న: మా తమ్ముడికి సెషన్స్ కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. జైల్లో ఉన్నాడు. హైకోర్టుకు అప్పీలు గడువు 60 రోజులని ఇప్పుడు తెలిసింది, నాలుగు నెలలయ్యింది. కేసుకే ఉన్నదంతా ఊడ్చి పెట్టాం, హైకోర్టు లాయరుకు ఇచ్చుకునే స్తోమత లేదు.

జవాబు: ముందు డబ్బు సంగతి మర్చిపోండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం చట్టమే ఇచ్చింది, 1987లో చేసిన ఆ చట్టం 1995 నుంచి అమల్లో ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు మీ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, లేదంటే 15100కు ఫోన్ చేయండి. తీర్పు కాపీ కూడా శిక్ష పడ్డవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి, అది మీ తమ్ముడి చేతికి వచ్చిందో లేదో కనుక్కోండి.

అప్పీలు కోసం మీరు హైదరాబాదో, అమరావతో వెళ్లే పని కూడా లేదు. జైల్లో ఉన్నవాళ్లు అప్పీలు కాగితాన్ని జైలు అధికారికిస్తే ఆయనే దాన్ని కోర్టుకు పంపాలి. ములాఖత్‌కు వెళ్లినప్పుడు మీ తమ్ముడికి చెప్పండి, జైలు సూపరింటెండెంటును కలిసి జైలు అప్పీలు పెట్టుకుంటానని, లీగల్ ఎయిడ్ లాయరు కావాలని అడగమనండి. పైన చెప్పిన, కోర్టు మన్నించిన 883 రోజులతో పోలిస్తే మీది తక్కువే, పైగా మనిషి స్వేచ్ఛ ముడిపడిన అప్పీళ్లలో ఆలస్యం విషయంలో కోర్టులు పొలం కేసుల్లో ఉన్నంత పట్టుదలగా ఉండవు. శిక్ష నిలిపి బెయిలు ఇవ్వమని అప్పీలుతో పాటే అడగాలి, ఆ మాట లీగల్ ఎయిడ్ లాయరుకు మీరే గుర్తు చేయండి. ఈ సంచిక మీకు చేరేసరికి ములాఖత్ రోజు దాటిపోతుందేమోనని మీకు విడిగా కార్డు కూడా రాసి పడేశాను.